ఏడో నెంబరు బిళ్ళ

ఖలందర్ నిలబడలేకపోతున్నాడు. అరికాళ్ళు వాచిపోయి, మడమలు మాత్రం నేలకు ఆనించి, రెండు చేతులతో గోడ పట్టుకున్నాడు. లాకప్పు ఊచలకు ఇవతల కుర్చీ వేయించుకుని కూచున్న సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ ఓబులేసు ఆ కాళ్ళవైపు ఒకసారి చూసి, "కూచో" అన్నాడు.

"కూచోవద్దన్నారు సాబ్."

"ఎవరు?"

"నేనేనండీ," అని వెనకనుంచి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కోటేశ్వరరావు జవాబిచ్చాడు. గుంటూరు వైపు మనిషి. నాగులకుంట స్టేషనుకు వచ్చి ఏడాది కాలేదు. "కూర్చుంటే నిద్రపోతాడు, నిద్రపోతే చెప్పింది మర్చిపోతాడు. నేరం ఒప్పుకున్నాడు, వేలిముద్ర వేశాడు. రేపు కోర్టుకు పంపిస్తున్నాం. ఇంత ఎండలో తమరు కడప నుంచి ఎందుకు వచ్చారో నాకు అర్థం కావటంలేదు."

"ఒప్పుకున్నోని కాళ్ళు ఇంకా ఎందుకు కొడతాండారో నాకూ అర్థం కాలే. అందుకే వచ్చినా."

హైదరాబాదుతో కలిసి కొత్త రాష్ట్రం ఏర్పడి ఏడాది కాలేదు. రాజధాని మద్రాసు పోయి కర్నూలు, కర్నూలు పోయి హైదరాబాదు వచ్చేసరికి తమ కాగితాలు ఏ ఊళ్ళో ఉన్నాయో చిన్న ఉద్యోగులకు ఎవరికీ తెలియదు. ఎవడో ఆ భయాన్ని పెట్టుబడి చేసుకున్నాడు. తాలూకాఫీసు బంట్రోతు ఒకడు, ఎర్ర పట్టీకి ఇత్తడి బిళ్ళతో, పల్లెల్లో బడిపంతుళ్ళ ఇళ్ళకు వెళ్ళేవాడు. హైదరాబాదు ఆఫీసరు నాగులకుంట సర్కారు బంగళాలో దిగాడనీ, ఉద్యోగం నిలవాలంటే అసలు నియామక ఉత్తర్వు, నెల జీతం డిపాజిట్టు పట్టుకుని వచ్చి కలవాలనీ చెప్పేవాడు. వెళ్ళినవాళ్ళ ఉత్తర్వులు తిరిగి రాలేదు. వాటిని కొనుక్కున్నవాళ్ళు అవే పేర్లతో వేరే తాలూకాల్లో పంతుళ్ళై కూచున్నారు.

పెద్దముడియం దగ్గరి పల్లెలో పంతులు ఆదినారాయణ తన ఉత్తర్వు తనకు ఇమ్మని బంగళాకు తిరిగి వెళ్ళాడు. మర్నాడు బంగళా బావిలో తేలాడు. తల వెనక దెబ్బ ఉంది.

పంతుళ్ళు చూసిన బిళ్ళ మీద అంకె ఏడు. తాలూకాఫీసులో ఏడో నెంబరు బిళ్ళ ఖలందర్‌ది.

"బిళ్ళ నీదేనా?" అడిగాడు ఓబులేసు.

"నాదే సాబ్."

"పంతులింటికి పోయింది నువ్వేనా?"

ఖలందర్ కళ్ళు ఓబులేసు భుజం మీదుగా వెనక్కు పోయాయి. అక్కడ కోటేశ్వరరావు ఉన్నాడు, తుపాకీ పట్టుకున్న సెంట్రీ ఉన్నాడు, స్టేషను రాతపని చూసే రైటరు ఉన్నాడు. కళ్ళు మళ్ళీ నేలకు దిగాయి.

"నేనే."

"పంతులిల్లు తూర్పు వాకిలా, ఉత్తర వాకిలా?"

ఖలందర్ గోడ మీద చేతులు మార్చుకున్నాడు.

"బిళ్ళ ఎవరికిచ్చినావు?"

"ఎవరికీ ఇయ్యలే. బిళ్ళ పరాయోనికి ఇస్తే ఉద్యోగం పోతాది సాబ్."

"ఇయ్యలేదంటే ఉరి పడతాది."

"తెలుసు సాబ్."

కోటేశ్వరరావు నవ్వాడు. "చూశారా? ఉరికంటే ఉద్యోగం ముఖ్యం. మీ వైపు మనుషుల తీరే వేరండీ."

"మా వైపు మనుషులు ఉరికి గూడా భయపడతారు. ఇంకా పెద్ద భయం ఏదో ఉంటేనే దానికి ఒప్పుకుంటారు," అని ఓబులేసు లేచాడు.

స్టేషను మెట్ల మీద ఖలందర్ భార్య మైమూన్ మూత గుడ్డ కట్టిన గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఉంది. మొగుడికి అన్నం పెట్టనివ్వడంలేదు. అయినా దినమూ తెస్తోంది. ఓబులేసు ఆమెకు రెండు మెట్లు కింద నిలబడి అడిగాడు.

"నీ మొగుడు బిళ్ళ లేకుండా ఆఫీసుకు పోయిన దినాలుండాయామ్మా?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. చెప్పకూడనిదేమో అని కాదు, చెబితే ఎవరికి దెబ్బ తగులుతుందో అని.

"కొన్ని దినాలు రొమ్ము మింద తువ్వాలు కప్పుకోని పోయినాడు సాబ్. ఏంది అంటే, బిళ్ళ తోమేకి ఇచ్చినా అన్యాడు. ఎవురికిస్తాడు? మా ఇంట్లో బిళ్ళ తోమేది నేనే గదా."

"ఎప్పుడిది?"

"మా తమ్ముడు యూనుస్‌ను సారా కేసని పట్టకపోయినారు. మర్నాడు వదిలిపెట్టినారు. ఆ మర్నాటినుంచే. వాడు తాగడు సాబ్. మా ఇంట్లో ఎవురూ తాగరు."

"వదిలినాక యూనుస్ ఏం చేసినాడు?"

"బంగళాలో ఆఫీసరు పెట్టెలు మోసే పనుందని పోలీసాయన పిలిస్తే పోయినాడు. ఇంటికొచ్చి ఒకటే నగు. టోపీ తీస్తే ఆఫీసరు మన సంతలో బెల్లమమ్మే ఆయన మాదిరుండాడు అక్కా అని." ఆమె పెదవులు కొంచెం కదిలి ఆగిపోయాయి. "పంతులు సచ్చిపోయినాక మళ్ళా అదే సారా కేసని పట్టకపోయినారు. ప్రొద్దుటూరు అవతల సబ్‌జైల్లో ఏసినారు. పోతే సూడనియ్యరు."

"ఏ పోలీసాయన?"

"నాకు తెలీదు సాబ్. పోలీసోళ్ళ ముఖాలు నేను సూస్తానా?"

ఓబులేసు మిగిలిన మెట్లు దిగాడు. యూనుస్ ఆఫీసరును టోపీ లేకుండా చూశాడు. చూసినవాడు జైల్లో ఉన్నాడు. ఉత్తర్వు కోసం తిరిగి వెళ్ళిన పంతులూ అలాగే చూసి ఉంటాడు, బావిలో పోయాడు.

*

బంగళా వాచ్‌మన్ ముసలాయన. బావి దగ్గరకు రమ్మంటే రాలేదు, దూరంనుంచి చెయ్యి చూపించాడు. బావిలో చూడటానికి ఏమీ మిగలలేదు. గట్టు మీది రక్తం కడిగించింది కోటేశ్వరరావే. కొత్తగా వచ్చే అసలు ఆఫీసర్లకు బాగుండదని.

"ఆఫీసరు లోపలుంటే బంట్రోతు యాడ కూచున్యాడు?" అడిగాడు ఓబులేసు.

"కూచోలే సామీ. ఈ తలుపు పక్కన నిలబన్యాడు. బెంచీ ఎయ్యనా అంటే వద్దన్యాడు."

"బంట్రోతులు నిలబడతారా?"

"యాడ నిలబడతారు సామీ. తలుపు మూసుకుంటే సాలు, బెంచీ మింద ఒరిగి కునుకు. నాకూ కొత్తగానే అనిపిచ్చె."

వరండా అంతా నల్ల కడప బండలు పరిచారు. అడుగులు పడి పడి నున్నగా ఉన్నాయి. తలుపు పక్కన ఒక్క బండ మీద మాత్రం తెల్లటి గీతలున్నాయి. ఓబులేసు మోకాళ్ళ మీద వంగాడు. గీతలు కావవి, చిన్న చిన్న అర్ధచంద్రాలు, ఒకదాని మీద ఒకటి.

"ఏంటండీ, పాము దూరిందా?" అన్నాడు వెంట వచ్చిన కోటేశ్వరరావు.

"తాలూకాఫీసు బంట్రోతులు కాళ్ళకు ఏమేస్తారు?"

"టైరు చెప్పులు. లేకపోతే ఏమీ లేదు."

ఓబులేసు లేచి, ఆ బండ మీదే నిటారుగా నిలబడి, కుడి బూటు మడమ మీద గిరుక్కున వెనక్కు తిరిగాడు. తర్వాత కాలు తీసి చూపించాడు. పాత అర్ధచంద్రాల పక్కన కొత్తది పడింది.

కోటేశ్వరరావు వంగి రెండు గుర్తులనూ మార్చి మార్చి చూశాడు. "మా వాళ్ళల్లో ఒకడంటారా?"

"ఈ ఊర్లో మడమలకు లాడాలు కొట్టించుకునేది గుర్రాలు, మనము. గుర్రానికి పట్టీ కట్టుకోవడం రాదు."

"ముగ్గురు పంతుళ్ళు ఖలందర్‌ను వేలు పెట్టి చూపించారండీ. నా ఎదురుగా."

"ఆ పొద్దు ఖలందర్ ఒంటి మీద ఏముండె?"

"అతని పట్టీ, బిళ్ళ. గుర్తుపట్టాలిగా మరి."

"వరసలో మిగతా వాండ్ల మింద?"

కోటేశ్వరరావు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. చెమట అంతగా లేదు.

*

స్టేషను వెనక వరండాలో అక్కడి కానిస్టేబుళ్ళు అయిదుగురినీ యూనిఫారం విప్పించి పంచెలతో కూచోబెట్టారు. ఆరోవాడు ఖలందర్. ఏడో నెంబరు బిళ్ళ పట్టీని ఓబులేసు వరసలో మొదటి కానిస్టేబుల్ భుజానికి తగిలించాడు.

ఉర్దూ బడి పంతులు కమాల్ బాషాను లోపలికి పిలిచారు. ఉత్తర్వు పోగొట్టుకున్నవాళ్ళలో ఒకడు. నిన్నటిదాకా ఖలందరే అన్నవాడు. వస్తూనే బిళ్ళ వైపు తిరిగి సలాం చేశాడు. తర్వాత వేలు చూపించాడు.

"ఈయనే సాబ్."

"గట్టిగా సూసి చెప్పు."

"ఎట్ల మర్చిపోతా సాబ్. నా అన్నం తీసేసినోడు."

అతన్ని బయటికి పంపి, ఓబులేసు పట్టీని రెండో కానిస్టేబుల్‌కు మార్చాడు. మళ్ళీ పిలిచాడు. కమాల్ బాషా ఈసారి రెండోవాణ్ణి చూపించాడు. చూపించిన వేలు ఇంకా గాలిలో ఉండగానే, మొదటి మనిషి ఖాళీ భుజం కనిపించింది అతనికి. వేలు మెల్లగా దిగింది.

"నిన్న ఒకడు, ఇప్పుడు ఇద్దరు," అన్నాడు ఓబులేసు. "ముగ్గురినీ ఉరి తీయిద్దామా పంతులూ?"

"సాబ్..." కమాల్ బాషా ఆ చెయ్యి వెనక్కు దాచుకున్నాడు. "బిళ్ళ ముందర తల ఎత్తేది మాకు అలవాటు లేదు సాబ్. బిళ్ళ ఉత్తర్వు తెస్తాది, బిళ్ళ బదిలీ తెస్తాది. దాని పైన ముఖం ఎవురిదైతే ఏంది అనుకుంటాం."

"ఏ సర్కారూ తన కొలువు చేసేవాని దగ్గర డిపాజిట్టు అడగదు. అసలు ఉత్తర్వు ఎవడి చేతిలోనూ పెట్టేది కాదు. అంతగా అడిగితే తాలూకాఫీసుకు పోయి, ఈ మనిషిని మీరే పంపినారా అని అడగాల. మీ పంతుళ్ళందరికీ చెప్పు."

"చెప్తా సాబ్. నన్ను ఇప్పుడు పంతులు అని ఎవురు ఒప్పుకుంటారు, వినేదానికి?"

అతను వెళ్ళిపోయాక కోటేశ్వరరావు కుర్చీలో వెనక్కు వాలాడు. "భేషండీ. నా సాక్షులను పాడు చేశారు. ఇప్పుడు నాకూ కేసు లేదు, మీకూ లేదు."

"ఒకరుండారు."

రైటరు గదిలో భారతమ్మ పొద్దున్నుంచి కూచుని ఉంది. చచ్చిపోయిన ఆదినారాయణ భార్య. మొగుడి కర్మలు అయిపోయాక, రావలసింది ఏమన్నా ఇప్పించమని ఆఫీసుకు వెళితే వెళ్ళగొట్టారు. అదే కోటేశ్వరరావుకు చెప్పుకోవడానికి మూడోసారి వచ్చింది.

"ఆఫీసులో ఏమన్యారమ్మా?" అడిగాడు ఓబులేసు.

"నీ మొగుడు బతికే ఉండాడు, పులివెందుల పక్క బళ్ళో జీతం తీసుకుంటాండాడు అన్యారు నాయనా." ఆమె గొంతులో ఏడుపు లేదు. "నేనే పోయి సూసి వచ్చినా. ఎవురో పిల్లోడు. మా పంతులు పేరు చెప్పుకోని పిల్లోల్లకు ఎక్కాలు చెప్తాండాడు. నన్ను సూసి, ఎవురు కావాలమ్మా అన్యాడు. ఏం చెప్పేది?"

కోటేశ్వరరావు కిటికీ బయటకు చూశాడు.

"మీ ఇంటికి వచ్చిన బంట్రోతు ముఖం గుర్తుందా?"

"ముఖం సరిగ్గా సూడలే. ఆఫీసు మనిషి ఇంటికొస్తే తినకుండా పంపిస్తామా. పంతులు తన పక్కన కూచోబెట్టుకోని సంగటి పెట్టిచ్చినాడు. నేను తలుపు సందులోంచి సూస్తాన్నా, ఇంకొంచెం కావాల్నేమో అని."

ఓబులేసు ఆ కిటికీ రెక్కలు సందు మాత్రం ఉండేలా దగ్గరికి వేశాడు. తర్వాత బయటికి వచ్చి, "అన్నం యాళయింది. ఎవురినీ లేపొద్దు. హోటల్నుంచి సంగటి తెప్పీండి, అందరికీ," అన్నాడు.

"ఇది స్టేషనా, పెళ్ళి పందిరా?" అన్నాడు కోటేశ్వరరావు.

"మీరూ తింటారా?"

"ఆ ముద్దలు నాకు దిగవండీ."

ఆరుగురికీ ఆకులు వేశారు. సంగటి ముద్దలు, వంకాయ పులగూర. బిళ్ళ రెండోవాడి రొమ్ము మీదే ఉంది. భారతమ్మ రైటరు గది కిటికీ రెక్క వెనక, సందులోంచి చూస్తోంది. ఆమె అక్కడున్నట్టు వరసలోవాళ్ళకు తెలియదు. ఖలందర్ మొదటి ముద్ద మింగలేక నీళ్ళు తాగాడు, తర్వాత ఆకు ఊడ్చాడు. మిగతావాళ్ళు ఒకరితో ఒకరు వేళాకోళాలాడుకుంటూ తిన్నారు. బిళ్ళ పెట్టుకున్నవాణ్ణి, "బంట్రోతప్పా, ఆఫీసరు గంట కొడతాండాడు, లెయ్" అన్నాడొకడు. అందరూ నవ్వారు. చేతులు కడుక్కోవడానికి లేచారు.

కిటికీ వెనకనుంచి భారతమ్మ, "ఆ నాలుగో ఆయన," అంది.

నాలుగోవాడు కానిస్టేబుల్ పుల్లన్న. పొద్దున లాకప్పు ముందర తుపాకీతో నిలబడిన సెంట్రీ.

"బిళ్ళ ఆయన మింద లేదుగదమ్మా," అన్నాడు ఓబులేసు.

"బిళ్ళతో నాకేం పని నాయనా. ఆకులు సూడు. అందరివీ ఊడ్చినట్లుండాయి. ఆయన కడకు పిడికెడు మిగిలిచ్చి గోడవార పెట్టినాడు, చీమలకు. ఆ పొద్దు మా ఇంట్లో గూడా అట్లే పెట్టినాడు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసి మళ్ళీ మాట్లాడింది. "మా పంతులు లోపలికొచ్చి నాతో అన్యాడు, చీమలకు గూడా పెడతాండాడు మే, మంచోడు, ఈయన మాట నమ్మొచ్చు అని. బీరువాలోంచి ఉత్తర్వు నేనే తీసిచ్చినా."

ఓబులేసు వరండాలోకి వచ్చాడు. గోడ మొదట్లో పిడికెడు సంగటి ఉంది. చీమలు అప్పుడే చేరాయి.

"ఇది ఎవురు పెట్టినారు?"

ఒకడు పుల్లన్న వైపు చూసి నవ్వాడు. "ఈయనే సార్. దినామూ పెడతాడు. పుణ్యాత్ముడు."

"చీమలకు పెడితే నేరమా సార్?" అన్నాడు పుల్లన్న. గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం తడి పంచెకు మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటున్నాడు.

"కాదు. చేతులు ముందుకు పెట్టు."

బేడీలు పడేదాకా ఖలందర్ చూశాడు. రెండో బేడీ తాళం పడిన చప్పుడు విన్నాక, ఎవరూ అడగకుండానే నోరు తెరిచాడు.

"ఈయన దగ్గరే కుదువ పెట్టినా సాబ్. యూనుస్‌ను వదలాలంటే దుడ్లు తే, లేకుంటే బిళ్ళ పెట్టు అన్యాడు. దుడ్లు లేవు. బిళ్ళ మళ్ళా ఇచ్చినప్పుడు దాని మింద రక్తం ఉండె. కడుక్కో అన్యాడు. నోరు తెరిస్తే యూనుస్ జైల్లో ఉరేసుకుంటాడు, పంచనామా నేనే రాస్తా అన్యాడు. నన్ను ఎంత కొట్టినా ఈయనే ఎదురుగ్గా నిలబడి సూస్తాన్యాడు సాబ్. ఎట్ల చెప్పేది?"

కోటేశ్వరరావు రెండంగల్లో పుల్లన్న దగ్గరకు వెళ్ళి చెంప మీద కొట్టాడు. రెండో దెబ్బకు చెయ్యెత్తాడు. ఓబులేసు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"కొట్టొద్దు. కొడితే వీడు గూడా అన్నీ ఒప్పుకుంటాడు, చేసినవీ చేయనివీ."

కోటేశ్వరరావు చెయ్యి విడిపించుకున్నాడు. ముఖం ఎర్రబడింది.

"ఆఫీసరు ఎవుడు?" అడిగాడు ఓబులేసు.

పుల్లన్న పెదవి చివర రక్తం నాకి, తల అడ్డంగా ఊపాడు. "చెప్తే నేను బతకను సార్."

"చెప్పకపోతే బతుకుతావా?"

"ఇంకా కొన్ని దినాలు బతుకుతా." తర్వాత ఏదో ఉపకారం చేస్తున్నట్టు అన్నాడు, "టోపీ లేకుండా ఆయన ముఖం సూసినోళ్ళు నేను గాక ఇద్దరే సార్. పంతులు పోయినాడు. మీరు వస్తాండారని నిన్న తంతి వచ్చినప్పుడే మీ పేరు ఆయనకు చేరింది. తెలివైనోడు సార్ ఆయన. మీకంటే ముందే లెక్క ఏసుకోనుంటాడు."

ఓబులేసు టెలిఫోను ఉన్న గదికి పరుగెత్తాడు. సబ్‌జైలుకు లైను దొరకడానికి ఆపరేటరు చాలాసేపు తీసుకున్నాడు. ఈలోగా ఖలందర్‌ను లాకప్పు బయట కూచోబెట్టారు. మైమూన్ గుమ్మం దాకా వచ్చింది. మొగుడి కాళ్ళు చూసింది. ముట్టుకోలేదు.

"సాబ్," అంది ఓబులేసుతో, "యూనుస్‌ను గూడా ఈ పొద్దే వదుల్తారా? ప్రొద్దుటూరు బస్సుకు పోయి నేనే పిలుచుకొస్తా."

లైను కలిసింది. అవతల జైలరు.

"యూనుస్ అనే రిమాండు ఖైదీని కొట్టులోంచి బయటికి తీయొద్దు," అన్నాడు ఓబులేసు. "తాళం నీ దగ్గరే పెట్టుకో. ఎవరొచ్చినా ఇయ్యొద్దు."

"యూనుసా? వాడు లేడు సార్. అన్నాలప్పుడు తీసకపోయినారు గదా."

"ఎవురు?"

"సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ సార్. కడపనుంచి."

"పేరు?"

"ఓబులేసు గారు సార్."

పక్కనే నిలబడిన కోటేశ్వరరావుకు రిసీవరులోని గొంతు వినబడుతూనే ఉంది. అతని చెయ్యి రుమాలు కోసం జేబులోకి పోయి అక్కడే ఉండిపోయింది.

"ఓబులేసును నేను," అన్నాడు ఓబులేసు. "నీ దగ్గరికి వచ్చినోని ముఖం ఎట్లుంది?"

అవతల జైలరు కుర్చీలోంచి లేచిన చప్పుడైంది.

"టోపీ పెట్టుకోనుండాడు సార్."

"ముఖం అడుగుతాండా."

"జీపులో వచ్చినాడు సార్. సెల్యూట్ కొట్టినా. కాగితం సూపిచ్చినాడు, యూనుస్‌ను ఎక్కిచ్చినా." జైలరు గొంతు తగ్గింది. "వాడు ఎక్కనని ఏడ్సినాడు సార్. ఈయన బెల్లమమ్మే ఆయన మాదిరుండాడు అని ఏందేందో అన్యాడు. పిచ్చోడని నేనే రెండు కొట్టి ఎక్కిచ్చినా."

గుమ్మం దగ్గర మైమూన్ ఇంకా జవాబు కోసం నిలబడి ఉంది.

"జీపు ఎటు పోయింది?"

"కొండల్లో గండికి పోయే దావ అడిగినాడు సార్. ఏటి పక్కన మనుషులు తిరగని దావ ఏదని అడిగితే, మేమే సూపించినాం."